పళ్ళున్న పట్టీ, పూచీ లేని కంపెనీ

కవిత్వమూ వ్యాకరణమూ తప్ప మరొకటి పట్టని ఈ పుటలో మోటారు బండి ఇంజను ప్రసక్తి ఏమిటని మిత్రులు నొసలు చిట్లించవచ్చు. చిట్లించండి, కానీ చదవండి. ఒక విధంగా ఇది కూడా ఒక మాటకు అర్థం వెతికే టపాయే. ఆ మాట "అరుగుదల". కార్ల కంపెనీలు తమ వారంటీ పుస్తకాలలో ఈ మాటను ఎంత విశాలంగా పరిచి పెట్టుకున్నాయంటే, దాని చాటున ఇంజను మొత్తం ప్రాణం విడిచినా వారికి మైల కూడా అంటదు.

విషయం తెలియనివారి కోసం మొదటినుంచీ చెబుతాను. ఇంజను అడుగున క్రాంక్‌షాఫ్టు తిరుగుతుంది. పిస్టన్లు దానికి కట్టుబడి పైకీ కిందికీ ఆడతాయి. పైన కామ్‌షాఫ్టు తిరుగుతూ, గాలి లోపలికి వచ్చే వాల్వులనూ పొగ బయటికి పోయే వాల్వులనూ తెరిచి మూస్తుంది. కిందిది రెండు చుట్లు తిరిగేసరికి పైది సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. ఒక్క పన్ను అటూ ఇటూ కాకూడదు. ఆ లెక్క తప్పకుండా రెంటినీ జతచేసి తిప్పేది, లోపలివైపు పళ్ళున్న ఒక రబ్బరు పట్టీ. దానినే టైమింగ్ బెల్టు అంటారు. (దీనికి తెలుగు మాట పుట్టిద్దామని కొందరికి చేతులు దురదపెడతాయని నాకు తెలుసు. ఆటోనగర్ మెకానిక్కుకు బోధపడని తెలుగు నాకక్కరలేదు కనుక నేను టైమింగ్ బెల్టు అనే అంటాను.)

ఈనాటి ఇంజన్లలో చాలావాటికి, డీజిలు ఇంజన్లలో దాదాపు అన్నిటికీ, ఒక గుణముంది. పిస్టను పైకంటా వచ్చే చోటూ, వాల్వు కిందికి తెరుచుకునే చోటూ ఒకటే. ఒకే గదిని పగటి ఉద్యోగి ఒకడూ రాత్రి ఉద్యోగి ఒకడూ వంతులేసుకుని అద్దెకు తీసుకున్నట్టు, వేళలు తప్పనంత కాలం ఒకరికొకరు ఎదురుపడరు. బెల్టు తెగిననాడు కామ్‌షాఫ్టు ఉన్నచోటనే ఆగిపోతుంది. క్రాంక్‌షాఫ్టు మాత్రం బండి వేగానికి ఇంకా తిరుగుతూనే ఉంటుంది. తెరిచి ఉన్న వాల్వులను పిస్టన్లు వచ్చి గుద్దుతాయి. వాల్వులు వంగుతాయి, గైడ్లు పగులుతాయి, ఒక్కొక్కప్పుడు పిస్టను తలకే చిల్లు పడుతుంది. ఇదంతా జరగడానికి రెప్పపాటు చాలు. అంతకు ముందు నిమిషం వరకూ బండి సుబ్బరంగా నడుస్తూనే ఉంటుంది.

బెల్టు మీద నాకు కక్ష ఏమీ లేదు. నిజానికి అది ముచ్చటైన ఊహ. 1940లలో అమెరికాలో సింగర్ కుట్టుమిషను కోసం, సూదికీ కింది కండెకూ లయ తప్పకుండా ఉండేందుకు తయారైన పళ్ళ పట్టీ, 1962లో బవేరియాలోని గ్లాస్ అనే చిన్న కంపెనీ అమ్మిన 1004 అనే కారులో ఇంజనుకు ఎక్కింది. పెద్దఎత్తున తయారైన కార్లలో అదే మొదటిది. ఆ కంపెనీని తర్వాత 1966లో బీఎండబ్ల్యూ కొనేసింది. అంతకుముందు ఈ పని చేసిన ఇనుప గొలుసు బరువు, మోత చేస్తుంది, నూనెలో నానుతూ ఉండాలి. బెల్టు తేలిక, చవక, నిశ్శబ్దం. మన అంబాసిడరు బీఎంసీ ఇంజను గొలుసుతో నడిచింది; మారుతీ 800 నుంచి టాటా ఇండికా డీజిలు వరకూ, సాంత్రో నుంచి డస్టరు డీజిలు వరకూ మన రోడ్ల మీది ఎన్నో బండ్లు బెల్టు మీద నడిచాయి. వాటిలో లక్షల కిలోమీటర్లు తిరిగినవి ఉన్నాయి. నా పేచీ వస్తువుతో కాదు, దాని చుట్టూ అల్లిన బాధ్యతారాహిత్యంతో.

బండి పుస్తకంలో ఒక సంఖ్య ఉంటుంది. ఇన్ని కిలోమీటర్లకు గానీ ఇన్నేళ్ళకు గానీ, ఏది ముందైతే అప్పుడు బెల్టు మార్చాలని. ఈ సంఖ్య ఎవరు రాశారు? కొనేవాడు రాయలేదు, మెకానిక్కు రాయలేదు. బెల్టు ఏ రబ్బరుతో చేశారో, ఎంత బిగువున పెట్టారో, ఎంత వేడిలో తిరుగుతుందో తెలిసిన కంపెనీ ఇంజనీర్లు రాశారు. అమ్మేటప్పుడు ఆ సంఖ్య ఒక గొప్ప. "లక్ష కిలోమీటర్ల దాకా చూడక్కర్లేదు సార్" అని షోరూము కుర్రవాడు చెబుతాడు. అదే బెల్టు డెబ్బై వేలకు తెగితే ఆ సంఖ్య గొప్ప కాదు, వాగ్దానం కాదు, ఒట్టి "సూచన". ఒకే సంఖ్య అమ్మకం రోజున ఒక అర్థమూ, మరమ్మతు రోజున మరొక అర్థమూ ఇస్తే, దానిని మన వ్యాకరణంలో శ్లేష అంటారు. వ్యాపారంలో ఏమంటారో చదువరులే చెప్పాలి.

అసలు ఆ సంఖ్యను కిలోమీటర్లలో చెప్పడమే ఒక మాయ. ఒక చిన్న లెక్క వేద్దాం. జాతీయ రహదారి మీద సగటున గంటకు 50 కిలోమీటర్ల చొప్పున తిరిగే బండికి లక్ష కిలోమీటర్లంటే 2,000 గంటలు. బెంజి సర్కిలు దగ్గరా అమీర్‌పేటలోనూ గంటకు 20 చొప్పున పాకే బండికి అదే లక్ష 5,000 గంటలు. నిలబడిన బండిలో ఏసీ వేసుకుని కూర్చుంటే ఇంజను నిమిషానికి 800 చుట్ల చొప్పున గంటకు 48,000 చుట్లు తిరుగుతుంది. మీటరు మీద మాత్రం ఒక్క అంకె కదలదు. మే నెలలో, బెజవాడ ఎండలో, బానెట్టు కింద ఉడుకుతూ తిరిగిన ఆ చుట్లన్నీ ఎవరి ఖాతాలోవి? రబ్బరుకు వేడీ, కాలమూ, తిరిగిన చుట్లూ తెలుస్తాయి గానీ కిలోమీటరు రాయి తెలియదు. పొలాల్లో ట్రాక్టరుకు గంటల మీటరు పెట్టి, గంటల లెక్కన సర్వీసు చెప్పే పద్ధతి ఎన్నడో వచ్చింది. పది లక్షల కారుకు ఆ మర్యాద ఎందుకు దక్కదో నాకు అర్థం కాదు.

నా సంగతి చెబుతాను, క్లుప్తంగానే. నా డీజిలు కారు పుస్తకంలోని సంఖ్య లక్ష కిలోమీటర్లు. నాలుగో ఏట, 71,000 దాటిన కొద్ది రోజులకు, హైదరాబాదు వెళుతుండగా సూర్యాపేట ఇవతల ఇంజను ఒక్కసారిగా మూగపోయింది. స్టీరింగు బిగిసింది, బ్రేకు గట్టిపడింది, వెనకనుంచి లారీ హారను. పక్కకు తీయగలిగాను, అది నా డ్రైవింగు ప్రతిభ కాదు, ఆ క్షణాన ఎడమ వరుస ఖాళీగా ఉండడం. ప్రతి సర్వీసూ వేళకు, కంపెనీ అధికృత వర్క్‌షాపులోనే చేయించి, ముద్రలన్నీ వేయించుకున్నాను. పొడిగించిన వారంటీకి విడిగా డబ్బు కట్టి ఉన్నాను. అయినా వారి జవాబు మూడు ముక్కలు: బెల్టు అరిగే వస్తువు, కనుక వారంటీలో రాదు, వంగిన వాల్వులు బెల్టు వల్ల కలిగిన పర్యవసానం, కనుక అవీ రావు, అంచనా కాగితం మీద సంతకం పెడితేనే ఇంజను విప్పుతాం. అంచనా 94,600 రూపాయలు. అందులో ఈ కథకు నాయిక అయిన బెల్టు ధర 2,800. కంపెనీ పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే పేరు మారిస్తే ఇదే కథ మరో నలుగురు మిత్రులది.

బండిని లాగించి బెజవాడ ఆటోనగర్ తెచ్చాను. అక్కడ ముప్పై ఏళ్ళుగా హెడ్డు పని చేస్తున్న మెకానిక్కు మూత విప్పి, పుల్లీని వేలితో తిప్పబోయాడు. అది కదలలేదు. "బెల్టుదేం తప్పు లేదు మాస్టారూ. బిగువు పుల్లీ బేరింగు పట్టేసింది. అది తిరగకపోతే బెల్టు దాని మీద రాసుకుని మాడిపోద్ది. రబ్బరు తునకలు చూడండి, ఎట్లా కాలినయ్యో" అన్నాడు. అంటే అరిగినది బెల్టు కాదు. చెడినది ఉక్కుతో చేసిన బేరింగు. ఆ బేరింగు నా పొడిగించిన వారంటీ పట్టికలోని మినహాయింపులలో లేదు. కంపెనీ వర్క్‌షాపువారు మూత కూడా తీయకుండానే "బెల్టు" అని తీర్పు చెప్పేశారు. శవపరీక్ష చేయకుండా సహజమరణమని రాసే వైద్యుడిని మనం ఏమంటాం?

బెల్టు వేళకు ముందు తెగడానికి కారణాలు మరీ రహస్యమైనవి కావు. బిగువు పుల్లీ బేరింగు పట్టేయడం ఒకటి. కామ్‌షాఫ్టు, క్రాంక్‌షాఫ్టుల సీళ్ళు కారి ఇంజను నూనె బెల్టు మీద పడితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. చాలా ఇంజన్లలో నీళ్ళ పంపును తిప్పేది కూడా ఈ బెల్టే. పంపు కారినా బిగిసినా బెల్టు బలి అవుతుంది. బిగించినవాడు బిగువు తప్పుగా పెట్టడం మరొకటి. వీటిలో ఏ ఒక్కదానికైనా యజమాని చేయగలిగినది ఏముంది? ప్లాస్టిక్కు మూత వెనక, నాలుగైదు బోల్టుల చాటున ఉన్నదానిని అతడు చూడనైనా లేడు. అయినా మొట్టమొదట వచ్చే ప్రశ్న "మీరు బండి ఎలా నడుపుతారు?" అనే.

"టైరు అరగదా, బ్రేకు అరగదా, అవి కంపెనీ ఇస్తుందా?" అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. ఈ పోలికే కంపెనీల పెద్ద ఆయుధం కనుక తీరికగా జవాబు చెబుతాను. టైరు కళ్ళెదుట అరుగుతుంది. గాడి లోతు తెలిపే గుర్తులు దానిలోనే పోసి ఉంటాయి. బ్రేకు అరిగితే కీచుమని మొరపెట్టుకుంటుంది. అరిగిన టైరు తనతోపాటు గేరుపెట్టెను చంపదు. టైమింగ్ బెల్టు కనబడదు, వినబడదు, పోతూ పోతూ ఇంజనును వెంటబెట్టుకుపోతుంది. అలాంటి వస్తువును టైరుతో ఒకే గాట కట్టడం తర్కం కాదు, గడుసుతనం. హెచ్చరిక పెట్టడం అసాధ్యమా అంటే, కాదు. టయోటా ఇన్నోవా పాత డీజిలు బండ్లు నడిపిన టాక్సీ సోదరులను అడగండి. మార్చవలసిన దూరం రాగానే డాష్‌బోర్డు మీద "టి-బెల్ట్" అని ఒక దీపం వెలుగుతుంది. ఒక చిన్న బల్బు. అది కూడా కిలోమీటర్లనే లెక్కపెడుతుంది గానీ, కనీసం యజమానితో మాట్లాడాలన్న సంస్కారం దానిలో ఉంది.

ఇక వేళకు మార్పించుకోవడానికయ్యే ఖర్చు మాట. బెల్టు చవకే, కానీ దానిని చేరుకోవడం చవక కాదు. ఇంజనును కింద జాకీతో ఎత్తిపట్టి, పక్క మౌంటు విప్పి, చక్రం లోపలి తొడుగు తీసి, క్రాంక్ పుల్లీ ఊడదీసి, కామ్‌షాఫ్టు కదలకుండా ఆ ఇంజనుకే ప్రత్యేకించిన పిన్నులతో బంధించి అప్పుడు పని మొదలుపెట్టాలి. బిల్లులో పెద్ద భాగం ఈ కూలీయే. అంత విప్పిన తర్వాత బిగువు పుల్లీ, నీళ్ళ పంపు, సీళ్ళు కూడా మార్చకపోవడం తెలివితక్కువ కనుక బిల్లు మరింత పెరుగుతుంది. మార్చడం న్యాయమే, మార్చవలసిన వస్తువును మార్చడానికి వీలు లేని మూల దాచిపెట్టినది ఎవరు అన్నదే ప్రశ్న. ఆ పిన్నులూ, అసలు విడిభాగాలూ, ఇంజను కంప్యూటరును చదివే పరికరాలూ బయటి మెకానిక్కులకు అందకుండా చేశారన్న ఫిర్యాదు మీద, 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544.65 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఆ ఉత్తర్వు ఆ తర్వాత ఏళ్ళ తరబడి అప్పీళ్ళలో నానింది. ఆటోనగర్‌లో నేను చూసిన పిన్నులు మాత్రం లేత్ మీద సొంతంగా తీసుకున్నవి.

బెల్టు కథలో అన్నిటికన్నా విచిత్రమైన అధ్యాయం ఒకటి మిగిలింది. రబ్బరుకు నూనె శత్రువని యాభై ఏళ్ళుగా అందరికీ తెలుసు. అయినా కొందరు ఇంజనీర్లు బెల్టును తీసుకెళ్ళి ఇంజను నూనెలోనే ముంచారు. నూనెకు ఓర్చుకునే కొత్త రబ్బరు చేశాం, రాపిడి తగ్గుతుంది, ఇంధనం ఆదా అవుతుంది, ఇంజను పొట్టిదవుతుంది అన్నారు. ఫోర్డు ఒక లీటరు ఎకోబూస్ట్ ఇంజను ఇలాగే వచ్చింది. 2012, 2013, 2014లలో వరుసగా మూడుసార్లు ప్రపంచపు మేటి ఇంజనుగా బహుమతి కొట్టింది. బ్రిటనులో దాని బెల్టుకు చెప్పిన ఆయుర్దాయం పదేళ్ళు లేదా లక్షన్నర మైళ్ళు, అంటే సుమారు 2,40,000 కిలోమీటర్లు. ప్యూజో, సిట్రోయెన్ బండ్లలోని 1.2 లీటర్ల ప్యూర్‌టెక్ ఇంజనుదీ అదే దారి. తన తరగతిలో 2015 నుంచి 2018 వరకూ నాలుగేళ్ళు వరుసగా బహుమతులు.

బహుమతులిచ్చిన న్యాయనిర్ణేతలు కొత్త ఇంజనును చూశారు. కొన్నవారు పాతబడిన ఇంజనును చూశారు. చిన్న చిన్న దూరాలు తిరిగే బండిలో కాలని పెట్రోలు కొంత నూనెలో కలుస్తుంది. ఆ కల్తీ నూనెలో నానిన బెల్టు ఉబ్బి, పగిలి, పొడి రాలుతుంది. ఆ పొడి వెళ్ళి నూనె పంపు జల్లెడలో అడ్డుపడుతుంది. నూనె ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు బెల్టు తెగనవసరం కూడా లేదు. అది బతికుండగానే ఇంజను నూనె అందక చస్తుంది. ప్యూర్‌టెక్ బెల్టుకు మొదట చెప్పిన పదేళ్ళు, 1,80,000 కిలోమీటర్లను ఆరేళ్ళకూ లక్షకూ కుదించారు. స్టెల్లాంటిస్ సంస్థ 2024 మార్చిలో పదేళ్ళ లేదా 1,75,000 కిలోమీటర్ల ప్రత్యేక పూచీ ప్రకటించింది. అంతకుముందు సొంత డబ్బు పెట్టుకున్నవారికి తిరిగి చెల్లించే ఏర్పాటు 2025 జనవరిలో తెరిచింది. అదీ సర్వీసు కాగితాలన్నీ చూపగలిగితేనే. కొత్త తరం ఇంజనులో బెల్టు తీసేసి గొలుసు పెట్టారు. ఫోర్డు కూడా తర్వాతి ఎకోబూస్ట్‌లో కామ్‌షాఫ్టును గొలుసుకే అప్పగించింది, నూనె పంపును మాత్రం బెల్టుకే వదిలింది. ఆ పంపు బెల్టు పళ్ళు ఊడడమూ, దాని బిగువు చెయ్యి విరగడమూ కారణంగా 2023 డిసెంబరులో అమెరికాలో సుమారు 1,39,000 ఫోకస్, ఎకోస్పోర్ట్ బండ్లను వెనక్కు పిలవవలసి వచ్చింది.

ఆ అమెరికా ఎకోస్పోర్టులు ఎక్కడ పుట్టాయనుకున్నారు? మన చెన్నై శివారు మరైమలై నగర్‌లో. అక్కడి కార్మికులు బిగించిన బండ్లే ఓడలెక్కాయి. డల్లాసులోనో న్యూజెర్సీలోనో ఉన్న మన తెలుగువారిలో ఆ బండి ఉన్నవారికి కబురు ఉత్తరం రూపంలో ఇంటికి వచ్చి ఉంటుంది, ఉచితంగా బాగుచేస్తామని. ఎందుకంటే అక్కడ వెనక్కు పిలిపించగల చట్టమూ, అడిగే సంస్థా 1960లనుంచీ ఉన్నాయి. మన దగ్గర ప్రభుత్వం బలవంతాన రీకాల్ చేయించే అధికారం 2019 మోటారు వాహనాల చట్ట సవరణతో వచ్చి, నిబంధనలు 2021 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చాయి. అవి ఏడేళ్ళ లోపు బండ్లకే వర్తిస్తాయి. పదేళ్ళు మన్నుతుందని చెప్పిన బెల్టుకు ఏడేళ్ళ రక్షణ. మిగతా మూడేళ్ళూ దైవాధీనం.

వినియోగదారుల చట్టం ఉంది కదా అనవచ్చు. 2019 చట్టంలో "ఉత్పత్తి బాధ్యత" అని ఒక అధ్యాయమే కొత్తగా చేర్చారు. చదివి మురిసిపోయాను, "హాని" అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం దాకా. ఆ వస్తువుకే కలిగిన నష్టం అందులో హాని కాదట. బెల్టు తెగి నేను ఆసుపత్రి పాలైతే ఆ అధ్యాయం నా వెంట నిలుస్తుంది. ఇంజను మాత్రమే పోతే నిలవదు. ఇక మిగిలినది పాత దారే: వస్తువులో లోపం, సేవలో లోపం అని జిల్లా కమిషనుకు వెళ్ళడం. అమ్మేటప్పుడు చెప్పుకున్న నాణ్యతకు తగ్గితే అది లోపమేనని చట్టం చెబుతున్నది కనుక, పుస్తకంలోని లక్ష కిలోమీటర్ల సంఖ్యనే నా మొదటి సాక్ష్యంగా పెట్టాను. కాలిన బేరింగూ, బెల్టు తునకలూ సంచిలో కట్టి భద్రంగా ఉంచాను. ఫిర్యాదు రెండేళ్ళలోపు వేయాలి. కొన్న ధర అయిదు లక్షల లోపైతే రుసుము కూడా లేదు. పాత భాగాలను మాత్రం వర్క్‌షాపులో వదిలిరాకండి; వదిలితే రేపు నిపుణుడికి చూపడానికి ఏమీ ఉండదు.

నేను కోరుతున్నది దానధర్మం కాదు. పుస్తకంలో రాసిన దూరానికీ కాలానికీ ముందు బెల్టుగానీ, దాన్ని నడిపే పుల్లీగానీ విఫలమైతే, సర్వీసు సరిగ్గా జరిగిన బండికి ఇంజను ఖర్చు మొత్తం కంపెనీదే కావాలి. లేదంటే ఆ సంఖ్యను నమ్మకంగా నిలబెట్టుకోగలిగినంత చిన్నదిగా రాయాలి. లక్ష అని రాయడానికి ధైర్యం లేకపోతే యాభై వేలని రాయండి. అప్పుడు కొనేవాడు ఆ ఖర్చు కూడా లెక్కవేసుకుని కొంటాడు. ఖర్చు అమ్మకం రోజున దాచి, రోడ్డు మధ్యన బయటపెట్టే హక్కు ఎవరికీ లేదు.

మా జిల్లా కమిషనులో వాయిదా వచ్చే నెలకు పడింది. ఈలోగా మిత్రులకు ఒక పని చెబుతున్నాను. మీ బండి పుస్తకం తీసి, టైమింగ్ బెల్టు మార్చవలసిన దూరమూ కాలమూ ఎంతని ఉన్నదో, వారంటీలో దానిని ఏ మాటలతో మినహాయించారో చూసి, ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాసి పంపండి. మీకు తెగి ఉంటే ఎన్ని కిలోమీటర్లకు తెగిందో, బిల్లు ఎంతయిందో కూడా చేర్చండి. గొలుసు బండ్లవారు నవ్వుకోవచ్చు. గొలుసు సాగినప్పటి బిల్లు చూసిన తర్వాత వారూ రాస్తారు.